క్రాలింగ్ వేరు, ఇండెక్సింగ్ వేరు

ఈ వారమంతా ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైటు బాగా కనిపించేలా చేసే పని) పదాలతోనే కూర్చున్నాను. బాట్, అంటే సెర్చ్ ఇంజిన్ పంపే ప్రోగ్రామ్, వచ్చి పేజీని చదవడం క్రాలింగ్. చదివినదాన్ని సెర్చ్ ఇంజిన్ తన జాబితాలో చేర్చుకోవడం ఇండెక్సింగ్. రెండూ ఒకటే అనుకుని మొన్న ఎంత టెన్షన్ పడ్డానో! సెర్చ్‌లో రాకూడదని ఒక పేజీకి నోఇండెక్స్ (జాబితాలో చేర్చొద్దని పేజీలోనే పెట్టే సూచన) పెట్టి, బాట్‌లు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో కూడా అడ్డుకున్నాను. అయినా లింకు కనిపిస్తూనే ఉంది. దారి మూసేస్తే బాట్ లోపలికి రాదు, రాకపోతే నోఇండెక్స్ అన్న మాట దాని కంట పడదు కదా. వేరే సైట్లలోని లింకుల వల్ల అడ్రసు మాత్రం జాబితాలోకి ఎక్కేస్తుంది. ఆ అడ్డు తీసేశాక, కొన్నాళ్లకు పేజీ పోయింది.

అన్నట్టు, లింకులను బట్టి పేజీల ప్రాముఖ్యం లెక్కగట్టే గూగుల్ పద్ధతి పేజ్‌ర్యాంక్‌లోని పేజ్ గూగుల్ స్థాపకుల్లో ఒకరైన ల్యారీ పేజ్ పేరు. భలే అనిపించింది. ఇక ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్ గురించి మొదలుపెట్టాలి.