ఫోన్ కొనేముందు గడియారం చూడండి

అమెరికాలో తెలుగు ఇళ్లలో పిల్లలకు ఫోన్ కొనాలన్న మాట వస్తే చెప్పుకునే కారణాలు రెండే. ఒకటి, "స్కూల్లో ఏదైనా అయితే ఎలా?" రెండోది, "అమ్మమ్మా తాతయ్యలతో మాట్లాడుకుంటుంది, తెలుగు నిలుస్తుంది." మొదటిదాంట్లో కొంత పస ఉంది. రెండోదాన్ని గోడ గడియారమే కొట్టిపారేస్తుంది.

న్యూజెర్సీలో బిడ్డ స్కూలు నుంచి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర అనుకుందాం. చలికాలంలో ఇండియాతో తేడా పదిన్నర గంటలు. అంటే గుంటూరులో అప్పుడు రాత్రి 2. ఎండాకాలంలో తేడా గంట తగ్గుతుంది కాబట్టి 1. డాలస్‌లో నాలుగింటికి ఇల్లు చేరితే ఊళ్లో తెల్లవారుజాము మూడున్నర, ఎండాకాలమైతే రెండున్నర. కాలిఫోర్నియా వాళ్లకు కాస్త నయం, చలికాలంలో మూడున్నరకు చేస్తే అక్కడ 5. నాయనమ్మ లేచే ఉండొచ్చు, కానీ అది ఆవిడ వాకిలి ఊడ్చుకునే వేళ. పిల్లల చేతిలో సొంత ఫోన్ ఉండే ఖాళీ సమయమంతా పెద్దవాళ్లు నిద్రపోయే సమయం. నిజంగా మాట కలిసే వేళలు వేరు: తూర్పు తీరంలో ఉదయం ఏడింటికి (అక్కడ సాయంత్రం నాలుగున్నర లేదా ఐదున్నర), రాత్రి ఎనిమిదిన్నరకు (అక్కడ ఉదయం ఆరు లేదా ఏడు). పడమటి తీరంలో రాత్రి ఎనిమిదింటికి చేస్తే అక్కడ ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. ఈ వేళల్లో బిడ్డ ఇంట్లోనే, మీ కళ్లముందే ఉంటుంది. దానికి బిడ్డ పేరుమీద ఫోన్ అక్కర్లేదు, ఇంటికొక ఫోన్ చాలు.

ఇంటి ఫోన్ అంటే డ్రాయర్‌లో పడున్న మీ పాత ఫోనే. నెలకు అయిదు పది డాలర్ల ప్రీపెయిడ్ సిమ్ వేసి, ఆ నంబరు మీద పెద్దవాళ్ల పేరుతో వాట్సాప్ తెరిచి, వంటింటి గట్టు మీద చార్జర్‌కి తగిలించి వదిలేయండి. అది అక్కణ్నుంచి కదలకూడదు. మీ సొంత వాట్సాప్‌నే ట్యాబ్లెట్‌కి లింక్ చేస్తే పోదా అనిపిస్తుంది, నాలుగు పరికరాల దాకా కుదురుతుంది కూడా. కానీ అప్పుడు మీ ఆఫీసు గ్రూపు, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపు, బాబాయి పంపే ఫార్వర్డులు అన్నీ పిల్లల ముందుకొస్తాయి. వాట్సాప్ మామూలు ఖాతాకి కనీస వయసు 13, కాబట్టి చిన్నపిల్లల పేరున ఖాతా తెరవకండి. ఇంటి ఖాతాలో మొదటిరోజే మూడు పనులు చేయాలి: టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టడం, ప్రైవసీలో గ్రూపుల దగ్గర 'మై కాంటాక్ట్స్' అని మార్చడం, ఫొటోలు వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపడం. సిమ్‌కి రీచార్జి మరిచిపోకండి. లైను ఆగిపోతే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది, దాంతోపాటే వాట్సాప్ చిక్కులూ మొదలవుతాయి.

ఇక తెలుగు నిలవడం సంగతి. "బాగున్నావా? తిన్నావా? స్కూల్ ఎలా ఉంది?" "బాగుంది." వారానికోసారి వీడియో కాల్‌లో ఈ నాలుగు ముక్కలతో భాష నిలవదు. సమయం తేడాను మనకు అనుకూలంగా తిప్పుకునేది వాయిస్ మెసేజ్. బిడ్డ నాలుగింటికి ఇంటికొచ్చి ఒక నిమిషం తెలుగులో చెప్పి పెడుతుంది. అమ్మమ్మ పొద్దున్నే కాఫీ తాగుతూ విని జవాబు చెబుతుంది. అది రాత్రి భోజనం దగ్గర ఇంట్లో అందరూ వింటారు. కాల్‌లో తడబడితే మనం పక్కనుంచి మాట అందిస్తాం, బిడ్డ నోరు మూసేస్తుంది. వాయిస్ మెసేజ్‌లో అయితే తనే చెరిపి మళ్లీ చెప్పుకోవచ్చు. ఏదో ఒక పని పెడితే ఇంకా సాగుతుంది: ఉలవచారు ఎలా కాస్తారో అడగడం, పొడుపుకథ వేసుకోవడం, తోటలో మల్లె మొగ్గ వేసిందా అని రోజూ కనుక్కోవడం. మనబడి లాంటి తెలుగు బడికి వెళ్లి అక్షరాలు నేర్చిన పిల్లలైతే గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు కీబోర్డు పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో పడేదొకటి, నేరుగా అచ్చులు హల్లులు ఉండేదొకటి, రెండు రకాలున్నాయి. రెండోది పెడితేనే ఒత్తులు గుర్తుంటాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం వస్తే చాలు ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయేవి, ఆపిల్ వాళ్లు పరుగున సరిచేయాల్సి వచ్చింది. ఈ సంగతి చెబితే పిల్లలకు ఆ ఒత్తు మీద ఎక్కడలేని గౌరవం వస్తుంది.

ఇప్పుడు స్కూల్లో ఏదైనా అయితే అన్న కారణం. బడి గంటల్లో చాలాచోట్ల ఫోన్ వాడనివ్వడం లేదు, అది తెలిసిందే. టెక్సస్‌లో 2025-26 నుంచి పబ్లిక్ స్కూళ్లలో మొదటి గంట నుంచి చివరి గంట వరకూ ఫోన్ వాడకూడదని చట్టమే వచ్చింది. అందులో స్మార్ట్ వాచీలూ ఉన్నాయి, డాలస్ పక్కన ఫ్రిస్కో, అర్వింగ్ వైపు వాచీ కొనాలనుకునేవాళ్లు ఇది గమనించాలి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఫోన్ చేసేది స్కూలు ఆఫీసే. కాబట్టి నిజమైన అవసరం మిగిలేది బడి వదిలాక, మీరిద్దరూ ఆఫీసు నుంచి వచ్చేలోపు: బస్సు తప్పింది, ఈత క్లాసు ముందే అయిపోయింది, కార్‌పూల్ ఆంటీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. కావలసింది అటూ ఇటూ ఒక కాల్, బిడ్డ ఎక్కడుందో అందులో కనుక్కోవడం. అంతకు మించి ఏమీ లేదు.

ఈ పనికి ఫ్లిప్ ఫోన్ చాలు. 50 నుంచి 100 డాలర్ల లోపు దొరుకుతుంది. కానీ ఇంట్లో ఉన్న పాత నోకియా పనికిరాదు. 2022లో ఇక్కడి పెద్ద కంపెనీలు మూడూ 3జీ ఆపేశాయి, కాబట్టి 4జీ మీద కాల్ చేయగలిగే, అంటే వోల్టీ ఉన్న ఫోనే కావాలి. ఇండియా నుంచి తెచ్చిన ఫోన్లతో ఇంకో పేచీ: ఇక్కడి కొన్ని సిగ్నల్ బ్యాండ్లు వాటిలో ఉండవు, ఇంట్లో సిగ్నల్ బాగానే ఉన్నట్టుండి స్కూలు బిల్డింగ్‌లోకి వెళ్లగానే పోతుంది. కొన్ని కంపెనీలు తమ జాబితాలో లేని మోడల్‌ని లైను మీదికే రానివ్వవు. ఫ్లిప్ ఫోన్‌కి ఉన్న అసలు లోపం గ్రూపు మెసేజీలు. కార్‌పూల్ గ్రూపులో ఆరుగురు రాస్తే అవి దాంట్లో ఎవరు ఏమన్నారో తెలియని గందరగోళంగా పడతాయి. కార్‌పూల్ మార్పులన్నీ పెద్దవాళ్ల గ్రూపులో చూసుకుని బిడ్డకు కాల్ చేసి చెప్పడమే దారి.

వాచీ అయితే పారేసుకోరు, చేతికే ఉంటుంది. ఆపిల్ వాచీ కొంటే సెల్యులార్ మోడల్ అయి ఉండాలి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఐఫోన్ ఉండాలి, ఇంట్లో ఇద్దరిదీ ఆండ్రాయిడ్ అయితే దాని జోలికి వెళ్లక్కర్లేదు. రోజూ రాత్రి చార్జింగ్ తప్పనిసరి, సిగ్నల్ బలహీనంగా ఉన్న స్కూల్లో అది రోజంతా టవర్ కోసం వెతుక్కుని, సరిగ్గా మీకు అవసరమయ్యే నాలుగింటికి ఎర్రగా మెరుస్తుంది. సొంత ఐఫోన్ లేని పిల్లల వాచీలో వాట్సాప్ పనిచేయదు. మన లెక్కలో అది లోపం కాదు, సుగుణం.

డబ్బు లెక్క రెండేళ్లకు వేయాలి, నెలకు కాదు. ఫ్లిప్ ఫోన్ 70, లైను నెలకు 10 నుంచి 15: మొత్తం 310 నుంచి 430 డాలర్లు. వాచీ 300, లైను 10: సుమారు 540, పైన పన్నులు. మీ పాత ఐఫోన్‌కి బ్యాటరీ మార్పించి 90, లైను 15 నుంచి 25, గట్టి కేసు 30: 480 నుంచి 720. ఖరీదైనది దుకాణంలో "ఫ్రీ" అని ఇచ్చే కొత్త ఫోన్. దాని ధర 24 లేదా 36 నెలల పాటు బిల్లులో తగ్గిస్తూ వస్తారు, అన్నాళ్లూ వాళ్లు చెప్పిన పెద్ద ప్లాన్‌లోనే ఉండాలి. నెలకు 40 చొప్పున 36 నెలలంటే 1,440 డాలర్లు. మధ్యలో మానేస్తే మిగిలిన ధర ఒక్కసారిగా కట్టాలి. ఇన్సూరెన్స్ దండగ; ఆ నెలనెలా డబ్బు పక్కన పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఒక స్క్రీన్ వేయించే డబ్బు చేరుతుంది. ఇంకో విషయం, సిమ్ లేని పాత స్మార్ట్‌ఫోన్ నుంచి కూడా అమెరికాలో 911కి కాల్ వెళ్తుంది. ఒంటరిగా ఇంట్లో ఉండే పిల్లలకు ఇది చెప్పి ఉంచాలి. చిన్న తమ్ముడికి ఆడుకోవడానికి ఆ ఫోన్ ఇవ్వకూడదని కూడా.

స్మార్ట్‌ఫోన్ నిజంగా అవసరమయ్యేది హైస్కూల్లో. కోచ్ యాప్‌లోనే ప్రాక్టీసు వేళలు పెడతాడు, డ్రైవింగ్ పర్మిట్ వస్తుంది, మొదటి చిన్న ఉద్యోగం వస్తుంది. అంతకు ముందు ఒత్తిడి చేసేది అవసరం కాదు, తోటి పిల్లలు. ఎనిమిదో తరగతి దాకా ఆగుదామని 2017లో టెక్సస్‌లో మొదలైన 'వెయిట్ అంటిల్ ఎయిత్' ప్రతిజ్ఞ కిటుకు ఇక్కడే ఉంది: ఒక స్కూల్లో ఒకే తరగతి పిల్లల కుటుంబాలు పది కలిస్తేనే అది అమల్లోకి వస్తుంది. పది దొరక్కపోయినా ఫరవాలేదు. శనివారం పాట్‌లక్‌లో కలిసే నాలుగు కుటుంబాలు ఒక మాట మీద ఉంటే "అందరికీ ఉంది, నాకే లేదు" అన్న మాట చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఎవరు మొదట కొంటారన్నది కాదు, ఏ తరగతి దాకా కొనరన్నది.

కొన్నాక సెట్టింగులు పెట్టే పని అరగంటది, కానీ అందులో తప్పులు అందరూ ఒకేలా చేస్తారు. వయసు ఎక్కువ చూపి ఖాతా తెరవకండి. ఆ క్షణం నుంచి అది పెద్దవాళ్ల ఖాతా, నియంత్రణలు సగం పనిచేయవు. ఐఫోన్‌లో ఫ్యామిలీ షేరింగ్‌లో పిల్లల ఖాతాగా చేర్చి, ఎంతసేపు వాడొచ్చో కట్టడి చేసే 'స్క్రీన్ టైమ్'కి వేరే పాస్‌కోడ్ పెట్టండి. అది మీ ఏటీఎం పిన్నూ కాకూడదు, ఎవరి పుట్టినరోజూ కాకూడదు. మీ వేళ్ల కదలిక చూసి పిల్లలు రెండు రోజుల్లో పట్టేస్తారు. యాప్ లిమిట్ పెట్టేచోట 'బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్' ఆన్ చేయకపోతే గడువు దాటాక 'ఇగ్నోర్ లిమిట్' అని బటన్ కనిపిస్తుంది. లిమిట్ పెట్టామన్న తృప్తి మీకు, బటన్ నొక్కే పని వాళ్లకు. యూట్యూబ్ యాప్‌కి గంట పెట్టి బ్రౌజర్‌ని వదిలేస్తే అక్కడ చూస్తారు, అందుకని వెబ్‌సైట్‌నీ ఆ లిమిట్‌లోనే కలపాలి. రాత్రి చార్జింగ్ మీ పడకగదిలో. ఏ సెట్టింగూ దీనికి సాటిరాదు.

సోషల్ మీడియాకి మనవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. 2019 నుంచి వీసా దరఖాస్తు డీఎస్-160లో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి ఎఫ్-1 విద్యార్థులను, 2025 డిసెంబరు 15 నుంచి ఉద్యోగ వీసా హెచ్-1బీ వాళ్లను, వాళ్ల భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చే హెచ్-4 వాళ్లను ఆ ఖాతాలు పబ్లిక్‌గా తెరిచి ఉంచమంటున్నారు. హెచ్-4 మీదున్న బిడ్డ ఇవాళ పదమూడేళ్లకు సరదాగా తెరిచిన ఖాతా పద్దెనిమిదేళ్లకు వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఫారంలో రాయాల్సి రావచ్చు. 21 నిండి ఎఫ్-1కి మారేవాళ్లకూ అంతే. ఖాతా తెరిస్తే దాని పేరు, తెరిచిన నెల ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టండి. పేరు మార్చినప్పుడల్లా అదీ రాయండి. పిల్లలకు గుర్తుండవు.

ఎండాకాలం సెలవులకు ఊరెళ్లేముందు ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ దగ్గర 'క్యారియర్ లాక్' చూడండి. 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని లేకపోతే (ఆ "ఫ్రీ" ఫోన్ వాయిదాలు ఇంకా నడుస్తుంటే తరచుగా ఇలాగే ఉంటుంది), ఇండియా సిమ్ పనిచేయదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. అమెరికా నుంచి ఫోన్ తెమ్మని అడిగే మేనమామలకు కూడా ఇది ముందే చెప్పాలి. జియో, ఎయిర్‌టెల్, వీ ఈ-సిమ్ ఇస్తాయి. కానీ 18 నిండనివాళ్ల పేర సిమ్ ఇవ్వరు, కాబట్టి తాతయ్య పేరుమీద తీసుకోవడమో, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వడమో చేయాలి. అమెరికా లైన్‌కి డేటా రోమింగ్ విమానం ఎక్కేముందే ఆపేయండి. వాట్సాప్ "నంబరు మార్చాలా?" అని అడిగితే వద్దని నొక్కండి, వైఫై మీద పాత నంబరే పనిచేస్తుంది. రాత్రివేళ ఫోన్‌ని ఆపేసే 'డౌన్‌టైమ్' ఫోన్ గడియారాన్ని బట్టే నడుస్తుంది కాబట్టి, మీరు తొమ్మిదికి పెట్టి ఉంటే ఊళ్లో రాత్రి తొమ్మిదికే ఫోన్ ఆగిపోతుంది. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చున్న పిల్లలకు వారం రోజుల పాటు ఏమిస్తారో ముందే అనుకోండి. పేకముక్కలు ఒక కట్ట తీసుకెళ్లడం మంచిది.