విండోస్ 98లో 500 జీబీ సాటా డిస్క్: పని ఎంతవరకు వచ్చిందంటే

బోర్డు ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్‌ది. పెంటియమ్ 3, 256 ఎంబీ ర్యామ్, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. సిస్టమ్ ఉన్న పాత 20 జీబీ ఐడీఈ (సాటాకు ముందు తరం డిస్క్ కనెక్షన్) డిస్క్‌ను కదపలేదు. 500 జీబీ డిస్క్ డేటాకు మాత్రమే, అదీ సిలికాన్ ఇమేజ్ 3112 చిప్ ఉన్న పీసీఐ సాటా కార్డు మీద.

కార్డు ఎందుకు

సాటాను ఐడీఈకి మార్చే కన్వర్టర్ చవగ్గా వస్తుంది. కానీ దాంతో డిస్క్ బోర్డు ఐడీఈ కిందికి, అంటే విండోస్ సొంత డ్రైవర్ (డిస్క్‌ను నడిపే ప్రోగ్రాం) ఈఎస్‌డీఐ_506.పీడీఆర్ చేతికి పోతుంది. ఆ డ్రైవర్‌కు తెలిసింది 28 బిట్ల అడ్రసే: 26,84,35,456 సెక్టార్లు (డిస్క్ మీది అతి చిన్న గళ్లు), ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 137 జీబీ. విండోస్ లెక్కలో అదే 128. ఆ గీత దాటిన చోట రాయమంటే పై బిట్లు రాలిపోయి రాత మళ్లీ సున్నా సెక్టార్ నుంచి పడుతుంది. సున్నాలో ఉండేది పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు.

బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాం) కొత్తదైతే మోసం ఇంకా ఎక్కువ. డాస్ మోడ్‌లో రాతలు బయోస్ ద్వారా వెళ్తాయి కాబట్టి ఫార్మాట్, కాపీ అన్నీ సవ్యంగానే అవుతాయి, సైజూ పూర్తిగా కనిపిస్తుంది. విండోస్‌లోకి వెళ్లి డిస్క్ నింపడం మొదలుపెట్టాక ఉంటుంది ముసళ్ల పండుగ.

కార్డును విండోస్ స్కజీ (ఐడీఈ కాని మరో రకం డిస్క్ కనెక్షన్) కంట్రోలర్‌గా చూస్తుంది, ఈఎస్‌డీఐ డ్రైవర్ జోలికి పోదు. 48 బిట్ల అడ్రస్ సంగతి కార్డు డ్రైవరే చూసుకుంటుంది. బోర్డు 815, 845 లాంటి ఇంటెల్ చిప్‌సెట్‌దైతే ఇంటెల్ అప్లికేషన్ యాక్సిలరేటర్ అనే డ్రైవరే సరిపోయేది. 440బీఎక్స్‌కు అది పనిచేయదు.

బయోస్‌లో బూట్ వరుస ముందు సీ (పాత డిస్క్), తర్వాత ఏ (ఫ్లాపీ), చివర స్కజీ (కార్డు). స్కజీ ముందుంటే మెషిన్ ఖాళీ డిస్క్ నుంచి బూట్ కావడానికి చూస్తుంది.

పార్టిషన్లు

98తో వచ్చిన పార్టిషన్ టూల్ ఎఫ్‌డిస్క్ 64 జీబీ దాటితే సైజు తప్పు చదువుతుంది. 2000లో వచ్చిన సవరించిన ఎఫ్‌డిస్క్ ఉంది కానీ, అందులో ఎంబీలు టైప్ చేసే గడికి అయిదంకెలే పడతాయి, పెద్ద సైజులు శాతంలో ఇవ్వాలి. అంత అవస్థ ఎందుకని ఈ పని వేరే మెషిన్‌లో లైనక్స్ జీపార్టెడ్‌తో చేశాం. టేబుల్ ఎంఎస్‌డాస్ రకం, జీపీటీ అనే కొత్త రకం కాదు.

విండోస్‌కు కనిపించేది 465 జీబీ. దాన్ని 116 చొప్పున నాలుగు ముక్కలు చేశాం. ఆ అంకెకు కారణం డిస్క్‌లో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్. అది 16 బిట్ల ప్రోగ్రాం, 16 ఎంబీకి 64 కేబీ తక్కువ మెమరీ బ్లాకే పట్టగలదు. ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ పట్టికలో ఒక్కో క్లస్టర్‌కు (ఫైళ్లకు చోటిచ్చే గడి) 4 బైట్లు, కాబట్టి 41,77,920 క్లస్టర్లే గరిష్ఠం. 32 కేబీ క్లస్టర్‌తో అది 127.53 జీబీ. 116లో క్లస్టర్లు 38 లక్షలే, ఇబ్బంది లేదు.

ప్రైమరీ (టేబుల్‌లో నేరుగా ఉండే) పార్టిషన్ పెట్టలేదు, నాలుగూ ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పార్టిషన్ లోపలి లాజికల్‌లే. రెండో డిస్క్‌లో ప్రైమరీ ఉంటే డాస్ దానికే డీ అక్షరం ఇచ్చి, మొదటి డిస్క్‌లోని పాత డీని ఈగా జరిపేస్తుంది. షార్ట్‌కట్‌లన్నీ చెడిపోతాయి. సీడీ డ్రైవ్ అక్షరం ఎలాగూ జరుగుతుంది, ముందే డివైస్ మేనేజర్‌లో దాన్ని ఆర్‌కు మార్చి పెట్టాం.

ఇక్కడో మెలిక: లైనక్స్ టూల్స్ ఎక్స్‌టెండెడ్‌కు 05 అనే టైప్ కోడ్ ఇచ్చేస్తుంటాయి. విండోస్ 98కు 0ఎఫ్ కావాలి, లాజికల్‌లకు 0సీ. లేకపోతే 8.4 జీబీ అవతలి ముక్కలను నమ్మలేం. కోడ్లు చూసుకోకుండా ముందుకు పోవద్దు.

ఫార్మాట్ డాస్‌లోనే. 116 జీబీ ముక్కకు తెర మీద 52 చిల్లర కనిపిస్తే కంగారు పడకండి. 64 తీసేసి చూపించే పాత లోపమది, ఫార్మాట్ మాత్రం పూర్తిగా అవుతుంది. అయితే డిస్క్ లేబుల్ మీద అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ (లోపల 4 కేబీ సెక్టార్లు) గుర్తుంటే ఈ దారి వద్దు, రాతలు నెమ్మదిస్తాయి. అప్పుడు ఫార్మాట్ కూడా లైనక్స్‌లోనే చేసి, క్లస్టర్‌కు 64 సెక్టార్లు అని ఇవ్వాలి.

పరీక్ష

డిస్క్ కనిపించినంత మాత్రాన గెలిచినట్టు కాదు. 128 గీత రెండో ముక్కలో 12 జీబీ లోపల ఉంది. మొదటి ముక్కలో కొన్ని ఫైళ్లు పెట్టి చెక్‌సమ్‌లు (ఫైలు చెడితే మారిపోయే అంకెలు) రాసుకున్నాం. తర్వాత విండోస్‌లోనే రెండో ముక్కలోకి 1 జీబీ ఫైళ్లు 20 పోసి రీబూట్. ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు, ఫ్యాట్32 ఒప్పుకోదు. నాలుగు ముక్కలూ కనిపించాయి, చెక్‌సమ్‌లు కలిశాయి. అడ్రస్ చుట్టు తిరిగి ఉంటే పార్టిషన్ టేబులే పోయేది.

పరీక్షకు ముందు సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడాలి. ఎంఎస్‌డాస్ కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటే కార్డు డ్రైవర్ ఎక్కనట్టే. అప్పుడు రాసేది కార్డు బయోస్, పరీక్ష నెగ్గినా డ్రైవర్ గురించి ఏమీ తేలదు.

మిగిలిన రెండు ముక్కలు నింపి చూడాలి. ఈలోగా డిస్క్ మీద మార్కర్‌తో ‘కార్డుకే, బోర్డు ఐడీఈకి వద్దు’ అని రాసిపెట్టాం.