ఒక భాష అచ్చులోకి వచ్చిన దారి

స్లోవాకియాలోని మార్టిన్ పట్టణంలో స్లోవాక్ సాహిత్య మ్యూజియం ఉన్న భవనాన్ని వీధిలో నుంచి చూస్తే, అది ఒక జాతి తన భాష కోసం చందాలు పోగుచేసి కట్టుకున్న ఇల్లని ఎవరికీ తట్టదు. ఆడంబరం ఏమీ లేని ఆ భవనం 1863 ఆగస్టు 4న ఏర్పడిన మాతిత్సా స్లోవెన్స్కా అనే సాంస్కృతిక సంస్థకు తొలి నివాసం. నేడు అందులోని మ్యూజియం స్లోవాక్ జాతీయ గ్రంథాలయంలో భాగంగా నడుస్తోంది. నేను జిలినా నుంచి రైలులో బయలుదేరి, వాహ్ నది వెంట స్త్రెచ్నో కోట శిథిలాలను చూసుకుంటూ వ్రూత్కి చేరి, అక్కడ బండి మారి మార్టిన్‌లో దిగాను. ఒక పూట సరిపోతుందనుకున్న చోట రోజంతా గడిచిపోయింది.

స్లోవాక్ సాహిత్య చరిత్రను రచయితల వరుసగా చూసేకంటే అచ్చు అక్షరాల వరుసగా చూస్తేనే బాగా అర్థమవుతుందని నాకు అక్కడే అనిపించింది. స్లోవాకులు హంగరీ రాజ్యంలో ఉన్నంతకాలం, అంటే 1918 వరకు, వారి భాషకు ప్రభుత్వమంటూ ఒకటి అండగా లేదు. పాలనలో చాలాకాలం లాటిన్ నడిచింది, 1844లో హంగేరియన్ అధికార భాష అయింది. పుస్తకం మాత్రం మతం వెంట నడిచింది. ప్రొటెస్టంట్ శాఖవారైన లూథరన్లు చెక్ భాషలోని క్రాలిత్సే బైబిలు భాషనే తమ రాతభాషగా పెట్టుకున్నారు. బార్దెయోవ్‌లో 1581లో అచ్చయిన లూథర్ మతబోధ ప్రశ్నోత్తరి, లెవొచాలో బ్రేవర్ కుటుంబపు ముద్రణాలయం నుంచి 1636లో వచ్చిన ట్రానోవ్‌స్కీ కీర్తనల సంపుటి ఆ దారిలోవే. అదే ముద్రణాలయం 1685లో చెక్ విద్యావేత్త కొమెన్స్కీ బొమ్మల పాఠ్యపుస్తకాన్ని నాలుగు భాషల్లో అచ్చువేసింది. కాథలిక్కులకేమో త్రనవాలో జెసూట్ విశ్వవిద్యాలయానికి సొంత ముద్రణాలయం ఉండేది, అక్కడి పుస్తకాల్లో పడమటి స్లోవాక్ పలుకుబడి మెల్లగా చోటు చేసుకుంది. పక్కపక్క ఊళ్లలో ఒకే మాట మాట్లాడుకునే మనుషులు, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకోగానే రెండు వేర్వేరు రాతల వాళ్లయిపోయేవారన్న మాట.

ఈ చీలికను మొదట పూడ్చబూనినవాడు కాథలిక్ మతాచార్యుడు ఆంతోన్ బెర్నోలాక్. ఆయన 1787లో ఆ పడమటి మాండలికం ఆధారంగా ఒక ప్రామాణిక భాషను ప్రతిపాదించాడు. చెక్, లాటిన్, జర్మన్, హంగేరియన్ అర్థాలతో ఆయన కూర్చిన నిఘంటువు ఆయన పోయిన పన్నెండేళ్లకు, 1825లో మొదలై 1827 నాటికి, బుదా నగరంలో ఆరు సంపుటాలుగా వెలువడింది. ఆ రాతలో 'వ'కు డబుల్యూ వాడతారు, 'య'కు జీ వాడతారు. అందువల్ల ఈనాటి స్లోవాక్ చదవడం వచ్చినవారు కూడా ఆ పుట ముందు కాసేపు తడబడతారు. బెర్నోలాక్ ప్రమాణం నిలవలేదు కాబట్టి ఆయన్ను ఓడిపోయినవాడిగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు. యాన్ హొల్లీ తన మహాకావ్యాలను ఆ భాషలోనే రాశాడు, అది చాలు.

1843 జూలైలో ల్యుదోవిత్ ష్టూర్, హుర్బన్, హొడ్జా అనే ముగ్గురు లూథరన్ యువకులు హ్ల్‌బొకే గ్రామంలో హుర్బన్ ఇంట కూర్చుని, ఇకపై మధ్య స్లోవాకియా మాండలికంలోనే రాయాలని తీర్మానించుకున్నారు. ఆ వెంటనే వారు దొబ్రా వొదాలో ఉన్న హొల్లీని చూడటానికి వెళ్లారు. వేరే మతశాఖకు చెందిన ముసలి కవి, వేరే ప్రమాణంలో జీవితమంతా రాసినవాడు. ఆయన ఆశీస్సు లేనిదే తమ పని సాగదని ఆ యువకులకు తోచడం నన్ను బాగా కదిలించింది. 1845లో ష్టూర్ ఈ కొత్త రాతలో వార్తాపత్రిక మొదలుపెట్టాడు, మరుసటి ఏడు వ్యాకరణం ప్రకటించాడు.

మ్యూజియంలో అచ్చుపని గురించిన భాగంలో నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ముందుండే కేసు అనే పెట్టె, అందులో చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. అక్షరం తలకిందులుగా, అద్దంలో బింబంలా ఎడమ కుడి తారుమారై ఉంటుంది కనుక ఒక్క మాట చదవడానికి కూడా నాకు నిమిషం పట్టింది. స్లోవాక్‌లో అక్షరాల నెత్తిన చిన్న కొక్కెం, గీత, టోపీ వంటి గుర్తులు వస్తాయి. ఆ గుర్తు విడిగా అతికించేది కాదు, అక్షరంతో కలిపి ఒకే ముక్కగా పోతపోయాలి, దానికి వేరే అచ్చుదిమ్మ చేయించాలి, కేసులో వేరే గడి కేటాయించాలి. పండితులు ఒక గుర్తు మార్చారంటే ముద్రాపకుడు కొత్త సీసం కొనాలి. ష్టూర్ వై అక్షరాన్ని తీసేశాడు, మెత్తని 'ల'కు గుర్తు పెట్టలేదు. 1851లో రెండు మతశాఖల పండితులూ బ్రాతిస్లావాలో కలుసుకుని రాజీ చేసుకున్నారు. మరుసటి ఏడు పండితుడు హట్టాలా వ్యాకరణంతో వై తిరిగి వచ్చింది, 'ల' పక్కన మెత్తని గుర్తు చేరింది, 'ఓ' నెత్తిన టోపీ పెట్టారు. ఈనాటి వర్ణమాలలోని 46 అక్షరాల వెనుక ఇంత సంప్రదింపు ఉంది.

ఆ రాజీయే పన్నెండేళ్లకు మాతిత్సాగా రూపం దాల్చిందని నేను అనుకుంటున్నాను. కాథలిక్ బిషప్ ష్తెఫాన్ మోయ్‌జెస్ దానికి అధ్యక్షుడు, లూథరన్ మతాచార్యుడు కారొల్ కుజ్‌మానీ ఉపాధ్యక్షుడు. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి వెయ్యి గుల్డెన్‌లు ఇచ్చాడు, మిగిలిన భారం సామాన్య జనం మోశారు. ఆ సంస్థ వార్షిక సంచిక లెతోపిస్ 1864లో మొదలై 1875తో ఆగిపోతుంది. ఆ ఏడాది హంగరీ ప్రభుత్వం మాతిత్సాను మూయించి ఆస్తి జప్తు చేసింది. మూడు స్లోవాక్ ఉన్నత పాఠశాలలకు అంతకు కొద్దిగా ముందే తాళాలు పడ్డాయి. మాతిత్సా తలుపులు మళ్లీ తెరుచుకున్నది 1919లో. ఈ నలభై నాలుగేళ్లలో మార్టిన్‌లో అచ్చుపని మాత్రం ఆగలేదు: 1870లో అక్కడ మొదలైన నారొద్‌నియె నొవినీ పత్రిక వస్తూనే ఉంది, బాల్యంలో హంగేరియన్‌లో పద్యాలల్లిన హ్వియెజ్దోస్లావ్ స్లోవాక్‌లోకి మరలి తన గొప్ప కావ్యాలన్నీ ఈ కాలంలోనే రాశాడు.

సాయంత్రం నేను జాతీయ శ్మశానవాటికకు నడిచాను. కుకుచీన్, వయాన్స్కీ వంటి రచయితల సమాధులు అక్కడున్నాయి. పగలంతా సీసంలో తారుమారుగా చూసిన అక్షరాలు రాతి మీద సూటిగా కనిపించాయి. ఒక్కో పేరునూ దాని కొక్కేలతో, గీతలతో సహా మెల్లగా పైకి చదువుకుంటూ, వ్రూత్కి వెళ్లే బండి వేళయ్యేదాకా చెట్ల కింద తిరిగాను.