హౌడెనోషౌనీ ఇళ్లలో తల్లుల అధికారం

ఒంటారియో సరస్సుకు దక్షిణాన, నేటి న్యూయార్క్ రాష్ట్రం ఉన్న నేల మీద, మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే ఐదు జాతులు ఒక సమాఖ్యగా ఏర్పడి జీవించాయి. దక్షిణం నుంచి వలస వచ్చిన టస్కరోరాలు 1722 ప్రాంతంలో ఆరవ జాతిగా వారిలో చేరారు. బయటివారు ఇరోక్వాయ్ అని పిలిచే ఈ ప్రజలు తమను హౌడెనోషౌనీ అని చెప్పుకుంటారు. వీరి గురించి రాసేవారు చాలామంది యుద్ధాలతోనో, సమాఖ్య నియమాలతోనో మొదలుపెడతారు. ఆ నియమాల వేరు మొక్కజొన్న పొలంలో ఉందని నా నమ్మకం కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అడవి నరికి నేలను సాగుకు తేవడం మగవారి పని. విత్తడం మొదలు కోత వరకు పొలం ఆడవారిది. మట్టిని చిన్న చిన్న తిన్నెలుగా ఎగదోసి మొక్కజొన్న నాటి, అది కాస్త ఎదిగాక అదే తిన్నెలో చిక్కుడు, గుమ్మడి గింజలు పెట్టేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాడను పట్టుకుని పైకి పాకుతుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపు పెరగకుండా, తేమ ఆరకుండా కాపాడతాయి. ఈ మూడింటినీ వారు అక్కచెల్లెళ్లుగా తలచి, ప్రార్థనల్లో కృతజ్ఞతతో స్మరిస్తారు. ఎండిన కంకులను జడలుగా అల్లి ఇంటి దూలాలకు వేలాడదీసేవారు. గింజలను కట్టెల బూడిద కలిపిన నీళ్లలో ఉడికించి, పొట్టు వదిలేదాకా బుట్టలో వేసి కడిగి, కొయ్య రోట్లో దంచి, ఆ పిండిలో చిక్కుడు గింజలు కలిపి రొట్టెలుగా చేసి నీళ్లలో ఉడికించేవారు. మొక్కజొన్నలోని ఒక ముఖ్యమైన విటమిన్ మన ఒంటికి పట్టేలా చేసేది ఆ బూడిద నీళ్లే. ఈ పద్ధతిని వదిలేసి గింజలను మాత్రమే స్వీకరించిన ఐరోపా పేదలు తర్వాతి కాలంలో, ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా వ్యాధితో ఎంతో బాధపడ్డారు.

ఇల్లు కూడా తల్లి వైపువారిదే. వంచిన కొయ్యల చట్రం మీద ఎల్మ్ చెట్టు బెరడు కప్పి కట్టిన ఆ పొడవాటి ఇంట్లో నడుమ దారి వెంట వరుసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి ఇరువైపులా ఒక్కో కుటుంబం ఉండేవి. అక్కచెల్లెళ్లు, వారి కూతుళ్లు పుట్టిన ఇంట్లోనే ఉండిపోగా, పెళ్లయిన మగవాడు భార్య ఇంటికి వచ్చేవాడు. మన ఊళ్లలో కొంత చిన్నచూపుకు గురయ్యే ఇల్లరికం అక్కడ సాధారణ నియమం. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, ఒకే వంశంలో పెళ్లి కూడదు. మోహాక్, ఒనైడా జాతుల్లో తాబేలు, తోడేలు, ఎలుగుబంటి అనే మూడే వంశాలుంటే, మిగిలిన జాతుల్లో ఇంకా ఎక్కువ ఉన్నాయి.

ఒనొండాగా జాతి నేల మీద కూర్చునే సమాఖ్య మహాసభలో 50 నాయక పదవులున్నాయి, అన్నీ మగవారివే. అయితే ఆ పదవి ఆయా వంశానికి చెందినది, దానికి తగిన మనిషిని ఎంచేది ఆ వంశపు తల్లి, అంటే ఆ వంశపు స్త్రీలలో పెద్ద. నాయకుడు దారి తప్పితే ఆమె మూడుసార్లు హెచ్చరిస్తుంది. అప్పటికీ మారకపోతే అతని అధికారానికి గుర్తయిన జింక కొమ్ములను తీసేయిస్తారు. యుద్ధానికి వెళ్లేవారికి దారి బత్తెంగా వేయించిన మొక్కజొన్న పిండి కట్టి ఇచ్చేది కూడా స్త్రీలే కాబట్టి, ఇష్టం లేని యుద్ధాన్ని ఆ పిండి ఇవ్వకుండా ఆపగల శక్తి వారికుండేది. ఈ అధికారానికి కఠినమైన ముఖం కూడా ఉంది: పట్టుబడిన శత్రువును చనిపోయిన కొడుకు స్థానంలో దత్తత తీసుకోవాలా, చంపాలా అన్న నిర్ణయంలోనూ తల్లుల మాట చెల్లేది. ఆ సంగతి దాచిపెట్టి వారిని కేవలం శాంతిమూర్తులుగా చూపడం వారిని గౌరవించడం కాదు.

తిండిగింజలే ఈ సమాజానికి బలమని శత్రువులకూ తెలుసు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆదేశంతో జనరల్ సలివన్ నడిపిన సేన దాదాపు 40 గ్రామాలను తగలబెట్టి, పొలాల్లో పండిన మొక్కజొన్నను, పండ్ల తోటలను పనిగట్టుకుని నాశనం చేసింది. ఆ చలికాలం నయాగరా కోట చుట్టూ తలదాచుకున్న వేలమందిలో ఎందరో ఆకలికీ చలికీ చనిపోయారు.

రెండో దెబ్బ చట్టం రూపంలో పడింది. కెనడాలో గ్రాండ్ నది ఒడ్డున స్థిరపడిన ఆరు జాతులవారి సంప్రదాయ సభను ప్రభుత్వం 1924లో తొలగించి, దాని స్థానంలో ఎన్నికల సభను నిలబెట్టింది. తరతరాలుగా నాయకులను ఎంపిక చేసిన తల్లులకు ఆ ఎన్నికల్లో ఓటు లేదు; 1951లో చట్టం సవరించాకే అది వారికి దక్కింది. నాయకుణ్ణి నిలబెట్టే, దించే హక్కున్న స్త్రీలకు ఓటు అనేదే ఎంత చిన్న వాటానో తలచుకుంటే, దాన్ని కూడా ఇరవై ఏడేళ్లు ఇవ్వకుండా ఉంచడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. సిరక్యూస్ నగరానికి దక్షిణాన ఉన్న ఒనొండాగా జాతి మాత్రం ఎన్నికల సభను అంగీకరించలేదు. అక్కడ నేటికీ వంశపు తల్లులే నాయకులను ఎంచుతున్నారు.