ఇసుక గాలించడం ఒక వ్యాసంగంగా

స్వచ్ఛమైన బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, ఇసుకలో ఎక్కువ భాగంగా ఉండే క్వార్ట్జ్‌ది 2.65 రెట్లు. ఒకే పరిమాణం గల రెండు రేణువులను గాలిలో తూచితే వాటి మధ్య తేడా ఏడు రెట్లకు కొంచెం పైన ఉంటుంది. నీటిలో ముంచినప్పుడు ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం రెండింటి నుంచీ సమానమైన బరువు తగ్గిపోయి, ఆ తేడా పదకొండు రెట్లకు చేరుతుంది. బంగారం వెదికేవారు చాలా చోట్ల నీటిని ఆశ్రయించడానికి కారణం ఇదే. భౌతికశాస్త్రం బోధించిన కాలమంతా ఈ లెక్కను నల్లబల్ల మీద వేస్తూ వచ్చాను. పదవీ విరమణ తరువాత మెల్‌బోర్న్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్లి, అక్కడి వాగుల్లో పళ్లెం పట్టి ఇసుక గాలించడం నేర్చుకున్న నాటి నుంచి అదే నా వ్యాసంగం అయింది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఈ వ్యాసంగానికి చట్టబద్ధమైన స్థానం ఉంది. 1854లో బల్లారట్ గనుల దగ్గర లైసెన్సు రుసుముకు వ్యతిరేకంగా యురేకా తిరుగుబాటు జరిగింది. దాని ఫలితంగా 1855లో ‘మైనర్స్ రైట్’ అనే తక్కువ ఖర్చు అనుమతి పత్రం వచ్చింది. ఈనాటికీ ఆ పేరుతోనే, పదేళ్ల గడువుతో, సామాన్య పౌరులకు అది లభిస్తోంది. చేతి పనిముట్లు మాత్రమే వాడాలి, తవ్విన గుంటను తిరిగి పూడ్చాలి, నిషేధించిన ప్రాంతాలలో అడుగు పెట్టకూడదు. 1869లో మోలియాగల్ వద్ద ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’ అనే బంగారు ముద్ద చెట్టు వేళ్ల దగ్గర, నేల పైపొరకు సుమారు 3 సెంటీమీటర్ల లోతులోనే దొరికింది. దానిలో డెబ్బై కిలోలకు పైగా బంగారం ఉన్నది. నాకు దొరికినవి ఆవగింజలో పదో వంతు కూడా లేని పలుకులు. వాటిని అమ్మాయి ఇంట్లోనే ఒక చిన్న గాజు సీసాలో భద్రపరిచి వచ్చాను.

విజయవాడకు తిరిగి వచ్చాక మొదట చదివినది చట్టాన్ని. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాన్వేషణ చేయరాదు. ఆ అనుమతులన్నీ సంస్థల స్థాయిలో జరిగే పనిని దృష్టిలో ఉంచుకుని ఏర్పరచినవే కాని, పళ్లెం పట్టుకుని వాగులో కూర్చునే వ్యక్తి కోసం వాటిలో చోటు లేదు. అందువల్ల కృష్ణలోకి దిగి బంగారం వెదకడం నేను చేయను, ఎవరికీ సలహా ఇవ్వను. నేను గాలించేది ఇంటి పని కోసం బిల్లుతో కొని తెచ్చుకున్న ఇసుకనే, పెరట్లోని నీళ్ల తొట్టిలో. ఆ ఇసుకలో కూడా నేర్చుకోవలసినది నేను ఊహించిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది.

పద్ధతి మన ఇళ్లలో బియ్యం గాలించి రాళ్లు తీసే పద్ధతి వంటిదే. అడుగున మిగిలినదాన్ని పారేయకుండా దాచుకోవడం ఒక్కటే తేడా. ముందు ఇసుకను జల్లించి పెద్ద రాళ్లను తీసివేసి, మట్టిగడ్డలను నీటిలోనే చేత్తో చిదిపి, పళ్లెం పూర్తిగా మునిగి ఉండగా పక్కలకు బలంగా కుదపాలి. ఈ కుదుపులోనే బరువైనవి కిందికి దిగుతాయి. తొందరపడి దీన్ని తగ్గించినవారు తరువాత ఎంత జాగ్రత్తగా కడిగినా ప్రయోజనం ఉండదు. ఆ తరువాత పళ్లేన్ని ముందుకు వంచి, పైనున్న తేలిక ఇసుకను అలలతో కొద్దికొద్దిగా తోసివేస్తూ, మధ్య మధ్య మళ్లీ కుదుపుతూ ఉండాలి. మరీ సన్నని రేణువులు తలతన్యత వల్ల నీటి మీద తేలిపోయే ప్రమాదం ఉంది కనుక గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క వేయడం మంచిది.

చివరికి పళ్లెం అంచున నల్లని ఇసుక చార మిగులుతుంది. దానిని ఆరబెట్టి, కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని పైన తిప్పితే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం వేరుపడుతుంది. మిగిలిన దానిలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం నల్లగా, గార్నెట్ లేత ఎరుపులో కనిపిస్తాయి. ఆ గార్నెట్లను భూతద్దంలో చూడడం నాకు ఎప్పటికీ విసుగు పుట్టదు. ఇంద్రకీలాద్రిలోనూ గుణదల కొండలోనూ కనిపించే ఖోండలైట్ శిలలో గార్నెట్ ముఖ్యమైన ఖనిజం. భూవిజ్ఞానులు ఒకప్పుడు ఈ శిలలనే ‘బెజవాడ నైస్’ (నైస్ అంటే చారలున్న ఒక రకం శిల) అని మన ఊరి పేరుతో వ్యవహరించారు. దుర్గమ్మ కొండ రాతిలో ఉన్న ఖనిజమే నా పళ్లెంలోనూ కనిపించిందని తెలిసినప్పుడు కలిగిన ఆనందం, విక్టోరియాలో మొదటి పలుకు దొరికినప్పటి ఆనందానికి ఏమాత్రం తీసిపోదు.

ఈ ఇసుకలో బంగారం ఇంతవరకు కనిపించలేదు, దానికి కారణాలను నది పటంలోనే చదువుకోవచ్చు. కృష్ణ పరీవాహక ప్రాంతంలో బంగారం లేకపోలేదు. రాయచూరు జిల్లాలోని హట్టి గని కృష్ణా తుంగభద్రల మధ్య ప్రాంతంలోనే ఉంది. కాని అక్కడి శిలల నుంచి రాలిన సన్నని రేణువులు వందల కిలోమీటర్ల ప్రయాణంలో చెదరిపోతాయి. ఇప్పుడైతే జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలు బరువైన మేటను ఎగువనే ఆపివేస్తున్నాయి. పులిచింతలకు దిగువన కృష్ణలో కలిసే మున్నేరు మాత్రం తెలంగాణ వైపు నుంచి తన ఇసుకను ఇంకా తెస్తూనే ఉంది.

మెరిసే అభ్రకపు రేకులు మొదట్లో అందరినీ ఆశపెడతాయి. ఈ విషయంలో నాకు గురువు వన్‌టౌన్‌లో తరతరాలుగా బంగారపు పని చేస్తున్న ఒక ఆచారిగారు. “మాస్టారూ, ఎండలో మెరుపు చూడకండి, నీడలోకి తిప్పి చూడండి. బంగారమైతే నీడలోనూ అదే రంగు ఉంటుంది” అని ఆయన చెప్పిన మాట ఏ పుస్తకంలోని పరీక్ష కంటేనైనా తేలికగా పనికివస్తుంది. సూదిమొనతో నొక్కినప్పుడు బంగారం అణుగుతుంది, అభ్రకం పొరలుగా విడిపోతుంది, బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజం పొడి అవుతుంది.

నీటి తొట్టి దగ్గర గడిపినంత సమయాన్నీ నేను పటాల ముందూ గడుపుతాను. 1851లో ఏర్పడిన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తన పటాలను ‘భూకోశ్’ అనే వెబ్‌సైట్ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచింది. ఏ వాగు ఏ శిలల మీదుగా పారుతుందో ఇంట్లో కూర్చుని గుర్తించవచ్చు. అన్వేషకుడికి బంగారమే దొరకాలని లేదు: హట్టికి సమీపంలోని మస్కిలో 1915లో అశోకుని శిలాశాసనాన్ని గుర్తించినది బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. ఇతర శాసనాలలో కనిపించే ‘దేవానాంప్రియుడు’ అశోకుడేనని నిర్ధారించడానికి ఆ శాసనమే కీలకమైంది.

మన దగ్గర కూడా చేతి పళ్లేనికి పరిమితమైన చిన్న అనుమతి ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. యంత్రాలతో నదులు ఇప్పటికే ఎంతో నష్టపోయాయి కనుక దానిని అందరికీ తెరిచిపెట్టమని అడగను. ముందుగా కళాశాలల భూగర్భశాస్త్ర విభాగాలకు, గనుల శాఖ పర్యవేక్షణలో, ఎంపిక చేసిన వాగుల్లో ఇస్తే చాలు.

ఆసక్తి ఉన్నవారు సాధన మొదలుపెట్టడానికి వలలు అమ్మే దుకాణంలో దొరికే సీసపు గుళ్లు సరిపోతాయి. సీసం సాంద్రత 11.3 కనుక బంగారం కంటే అది చేజారే అవకాశమే ఎక్కువ; దాన్ని నిలుపుకోగలిగితే బంగారాన్నీ నిలుపుకోగలరు. గుళ్లను సుత్తితో పలచగా కొట్టి, చిన్న ముక్కలుగా కత్తిరించి, పదింటిని ఇసుకలో కలిపి, పదీ తిరిగి దొరికేవరకు గాలించాలి. సీసం విషపదార్థం, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ నీటిని మొక్కలకు పోయకూడదు, పిల్లల చేత చేయించేటప్పుడు సీసానికి బదులు సన్నని ఇత్తడి రజను వాడాలి. ఇక బంగారాన్ని పట్టుకోవడానికి పాదరసం వాడే పాత పద్ధతి జోలికి ఎవరూ పోకూడదు. దాని ఆవిరి నరాల వ్యవస్థను దెబ్బతీస్తుంది. నీటిలోకి చేరిన పాదరసం చేపల ద్వారా మళ్లీ మన పళ్లెంలోకే వస్తుంది.