ఫ్లెక్సీలో లేని పేరు

ఈ రోజు మధ్యాహ్నం కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఒక ఫ్లెక్సీ ముందు నిలబడి, అందులో నా పేరు కోసం రెండుసార్లు వెదికాను. ఈ సంగతి ఇంకెవరితోనూ చెప్పుకోలేను గనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

మా వీధివాళ్లు ఏటా వేసవిలో పెట్టే చలివేంద్రానికి ఈసారి నేను 2,000 రూపాయలు ఇచ్చాను. ఇచ్చేటప్పుడు, నా పేరు ఎక్కడా వేయవద్దని గట్టిగానే చెప్పాను; కావలసినదానికన్నా కొంచెం గట్టిగానే చెప్పానేమో. వాళ్లు నా మాట మన్నించారు. తీరా చూస్తే, 500 ఇచ్చినవారు కూడా ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతున్నారు. నా కళ్లు చివరి వరుస దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చాయి. చందాలు వసూలు చేసిన కుర్రవాడు అది కనిపెట్టి, "సార్, మీరే కదా వద్దంటిరి" అన్నాడు. "అవునవును, మంచి పని చేసినావు" అని నవ్వేశాను. నేను ఆ రోజు కోరుకున్నది పేరు లేకపోవడం కాదనీ, పేరు వద్దన్నవాడన్న పేరనీ అప్పుడు అర్థమైంది.

బ్యాంకులో పని ముగిసేదాకా బలి చక్రవర్తే గుర్తుకు వస్తున్నాడు. శుక్రాచార్యుడు వద్దంటున్నా దానమిస్తానని పట్టుబట్టిన బలి చేత పోతన చెప్పించిన పద్యాన్ని చిన్నప్పుడు బట్టీ పట్టామే గాని, అందులో శిబి వంటివారు ‘యశఃకాములై’ ఇచ్చారన్న మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. శిబికి కూడా కీర్తి మీద ఆశ ఉన్నదని బలి దాపరికం లేకుండా అంటున్నాడు. మరో పద్యంలోనైతే, లక్ష్మీదేవి కొప్పును తాకిన చేయి కిందా, తన చేయి పైనా ఉండడం మేలు కాదా అని మురిసిపోతాడు. ఇచ్చేవాడి చేయి పైన ఉండడంలోని సుఖం అది. ఒంటిమిట్ట కోదండరామాలయం కోసం టెంకాయ చిప్ప పట్టుకుని బిచ్చమెత్తిన వావిలికొలను సుబ్బారావు గారు మాత్రం ఆ సుఖం కూడా వదులుకుని, చేయి కిందపెట్టే ఇచ్చారు. ఆయన కోరింది రాముణ్ణి కదా, అదీ కోరికే కదా అని వాదించేవాళ్లు ఎలాగూ ఉంటారు.

అలా వాదించేవారికి ఇష్టమైన కథ ఒకటి ఉంది. 17వ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ ఒక ముసలి బిచ్చగానికి ధర్మం చేస్తే, క్రీస్తు ఆజ్ఞ లేకపోతే ఇచ్చేవారా అని ఒక మతగురువు అడిగాడట. అతని దైన్యం చూసి నాకు బాధ కలిగింది, ఆ ధర్మంతో అతనితోపాటు నాకూ ఊరట కలిగింది అని హాబ్స్ జవాబిచ్చినట్లు ఆయన మిత్రుడు జాన్ ఆబ్రే రాశాడు. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. ఊరటే కావాలంటే వీధికి అవతలి పక్కన నడిస్తే సరిపోయేది. బిడ్డకు జ్వరం తగ్గితే తల్లికి నిద్ర పడుతుంది. అంతమాత్రాన రాత్రంతా ఆమె తడిగుడ్డ వేసింది తన నిద్ర కోసమేనని ఎవరైనా అంటారా? 1981లో అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ బాట్సన్, ఆయన సహచరులు ఈ సంగతినే పరీక్షకు పెట్టారు. ఎలైన్ అనే యువతికి విద్యుత్ షాకులు తగులుతున్నట్లు చూపించి (నిజానికి అది నటన), కొందరికి మధ్యలోనే లేచి వెళ్లిపోయే వీలు కల్పించారు. అయినా ఆమె మీద జాలి బాగా కలిగినవారిలో ఎక్కువమంది వెళ్లిపోకుండా, మిగిలిన షాకులు ఆమెకు బదులు తామే తీసుకుంటామన్నారు. దానితో వాదం ముగిసిపోలేదు గాని, హాబ్స్ జవాబు మాత్రం నాకు ఇంకా పలచబడింది.

మూడు గంటలకు తిరిగి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. చలివేంద్రంలో గ్లాసు వేరే ఎవరి చేతిలోనో ఉంది గనుక దోసిలి పట్టాను. తడి గోనెపట్టా చుట్టిన కుండలోనుంచి పెద్దావిడ చెంబుతో నీళ్లు తీసి పోసింది. రోజుకూలికి పెట్టుకున్న మనిషి ఆమె. నా ముఖం చూడలేదు, నా దోసిలినే చూస్తున్నది. నీళ్లు అంచు దాటబోతే చెంబు ఎత్తుతున్నది, తగ్గితే వంచుతున్నది. "నిదానంగా తాగు నాయనా, ఎండన పడి వచ్చినావు" అన్నది. నీళ్లు పోసినందుకు కూలి ఇస్తున్నాం గాని, ఈ మాటకు మేమేమీ ఇవ్వడం లేదు.

ఈ కుండల్లో నా డబ్బు కూడా ఉందని చెప్పాలని మాట నోటిదాకా వచ్చింది. ఆమె అప్పటికే నా వెనకున్న ఆటో డ్రైవరు సీసా అందుకుని, మూతి దగ్గర చేయి అడ్డం పెట్టి, చుక్క ఒలకకుండా నింపుతున్నది.