పడవలో పాటలు: ఇంజన్ ఈల ఇంకా వదల్లేదు

కళింగపట్నం దగ్గర వంశధార మొగలో ఇంజన్ ఆపి పాట పెడితే అద్భుతంగా ఉంది. గాలి గట్టిగా వీస్తున్నా ప్రతి మాటా వినిపిస్తోంది. తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేశానో లేదో, స్పీకర్లలో మళ్లీ అదే సన్నని ఈల! థ్రాటిల్ పెంచితే కీచుమంటుంది, తగ్గిస్తే దిగుతుంది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా పోదు.

స్పీకర్ల బిగింపు, ఫ్యూజులు, ఆంప్ (శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) అన్నీ బాగా కుదిరాయి. స్పీకర్లు 6.5 అంగుళాలవి, పాలీప్రొపిలీన్ కోన్‌వే తీసుకున్నాను. పేపర్ కోన్ కారు స్పీకర్లు చవకే గానీ మన ఉప్పుగాలికి మెత్తబడిపోతాయి, ఆ డబ్బు దండగ. ఫ్యూజన్ కంపెనీ వాళ్ల మెరైన్ (పడవల కోసం చేసే) సెట్లు బాగుంటాయి, కానీ 16 అడుగుల ఫైబర్ బోటుకి అంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక ఈల సంగతి. హెడ్ యూనిట్ (పాటలు ప్లే చేసే స్టీరియో) నుంచి పాటని ఆంప్‌కి తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ పిన్నుల్ని ఆంప్ దగ్గర పీకేస్తే పూర్తి నిశ్శబ్దం. అంటే ఆంప్‌లో తేడా లేదు, చప్పుడు హెడ్ యూనిట్ వైపు నుంచే వస్తోంది. ఆంప్ నెగటివ్ 6 చదరపు మి.మీ. వైరుతో నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. హెడ్ యూనిట్ నెగటివ్ మాత్రం స్విచ్ ప్యానెల్ బస్‌బార్‌కి (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ), అక్కడి నుంచి రెండున్నర మీటర్ల 1.5 చదరపు మి.మీ. వైరు మీద బ్యాటరీకి. 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే ఇంజన్) రెక్టిఫయర్ (ఇంజన్ ఇచ్చే ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) నుంచి వచ్చే చార్జింగ్ నెగటివ్ కూడా అదే బస్‌బార్ మీద ఉంది. మల్టీమీటర్‌తో రెండు నెగటివ్‌ల మధ్య చూశాను. ఇంజన్ ఆగి ఉంటే 0.02 వోల్టులు, నడుస్తుంటే 0.14. ఏసీ మోడ్‌లో 60 మిల్లీవోల్టులు. చార్జింగ్ కరెంటు ఆ సన్న వైరు మీదుగా పోతున్నప్పుడు వచ్చే ఈ తేడానే ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్‌లోకి (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) దూరుతోందని నా అనుమానం.

హెడ్ యూనిట్ నెగటివ్‌ని తెచ్చి ఆంప్ నెగటివ్ బోల్టుకే కలిపాను. ఈల సగానికి పైగా తగ్గింది. ఐడిల్‌లో అసలు లేదు, థ్రాటిల్ సగం దాటితే మళ్లీ మొదలు. హెడ్ యూనిట్ ఒక్కదానికే విడిగా 7 ఏహెచ్ బ్యాటరీ పెట్టి చూస్తే ఫుల్ థ్రాటిల్‌లోనూ నిశ్శబ్దమే! అంటే మిగిలిన ఈల ప్యానెల్ నుంచి వచ్చే పాజిటివ్ వైరు మీదే వస్తోంది. ఆటో స్పేర్స్ షాపులో కొన్న 10 ఆంపియర్ల నాయిస్ ఫిల్టర్ పెట్టినా మార్పేమీ రాలేదు. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆర్‌సీఏ దారిలో పెట్టి నెగటివ్‌ల లింకు తెంచేది) పెట్టమంటున్నారు చాలామంది. చవక రకాలు బేస్ తినేస్తాయి, నాకు ఇష్టం లేదు. రోగం కనిపిస్తుంటే పైపూతలెందుకు?

అందుకే ఈసారి చార్జింగ్ వైర్లు రెండింటినీ ప్యానెల్ నుంచి విడదీసి, 20 ఆంపియర్ల ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇస్తాను. టిన్ పూత ఉన్న రాగి వైరు కోసం విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపుల్లో అడగాలి. మామూలు రాగి ఇక్కడ లోపల్లోపలే నల్లబడిపోతుంది. ఆర్‌సీఏ కేబుల్ ఇప్పుడు చార్జింగ్ వైర్లతో ఒకే గొట్టంలో ఉంది, దాన్నీ అవతలి అంచుకి మారుస్తాను.

ఈల పోతే ముందువైపు ఇంకో జత స్పీకర్లు పెట్టాలని ఉంది. కంపాస్ అక్కడే ఉంది, స్పీకర్ అయస్కాంతం దాని సూదిని లాగుతుంది కాబట్టి, రంధ్రం కొట్టేముందు స్పీకర్‌ని చేత్తో జరుపుతూ ఎంత దూరంలో సూది కదలడం ఆగుతుందో కొలుచుకోవాలి.